28 అడుగుల నిచ్చెన ఎందుకు కొనాల్సి వచ్చింది: పలాస జీడిపప్పు యూనిట్‌లో ఎక్స్‌టెన్షన్ నిచ్చెన ఎంపిక (కేస్ స్టడీ)

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు తీసే ఒక మోస్తరు యూనిట్ ఇది. పిక్కల గోడౌనుకి స్లాబు, కటింగు విభాగానికి రేకుల షెడ్డు, వెనకాల బాయిలర్ గది ఉన్నాయి. మూడింటి మధ్యలో సిమెంటు నేల వేసిన కళ్లం లాంటి ఖాళీ స్థలం ఉంది. ఎత్తు మీద పని వచ్చినప్పుడల్లా తీసేది ఒకే నిచ్చెన: 20 అడుగుల అల్యూమినియం ఎక్స్‌టెన్షన్ (ఒకదాని మీద ఒకటి జారే రెండు ముక్కలది, పై ముక్కని తాడుతో లాగి పొడవు పెంచుకునే రకం). గోడౌను మీది నీళ్ల ట్యాంకు ఫ్లోటు వాల్వు మార్చడానికి ఒక పనివాడు ఎక్కుతుండగా దాని పై ముక్క ఒక మెట్టు కిందికి జారింది. అతని మోకాలి కింద ఎముక మీద గట్టి దెబ్బ తగిలింది, కానీ పట్టు వదలలేదు కాబట్టి కింద పడలేదు. "తాడు సరిగా కట్టలేదు" అని అక్కడివాళ్లు అనుకున్నారు. అసలు కారణం తాడు కాదు.

పాత నిచ్చెన ఏం చెప్పింది

నిచ్చెనను నేల మీద పరిచి చూస్తే సంగతి నాలుగైదు నిమిషాల్లోనే తేలింది. పై ముక్కను మెట్టు మీద ఆపే లాక్‌లు రెండు. ఎడమ లాక్ స్ప్రింగు తుప్పు పట్టి విరిగింది. దాని కొక్కెం మీద ఎప్పుడో పడిన ఎనామిల్ పెయింటు చుక్క గట్టిపడి, కొక్కెం సగంలోనే నిలిచిపోయింది. అంటే బరువంతా కుడి లాక్ మీదే ఉంది. కింది రబ్బరు షూల్లో ఒకటి ఓ పక్కకి అరిగి లోపలి లోహం కనిపిస్తోంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది వేరే ఉంది. పై ముక్క హద్దు దాటి పైకి రాకుండా ఆపే స్టాపర్లను ఎవరో రివెట్లు కొట్టి తీసేశారు.

ఎందుకు తీసేశారో లెక్క వేస్తే అర్థమవుతుంది. గోడౌను స్లాబు 15 అడుగుల ఎత్తు, దాని మీద 3 అడుగుల పిట్టగోడ. నిచ్చెన ఆనేది పిట్టగోడ మీద, అంటే 18 అడుగుల దగ్గర. నిచ్చెన ఏటవాలుగా ఉంటుంది కాబట్టి 18 అడుగుల ఎత్తు అందుకోవడానికి సుమారు 18.6 అడుగుల పొడవు కావాలి. 20 అడుగుల ఎక్స్‌టెన్షన్ అంటే రెండు 10 అడుగుల ముక్కలు. అవి ఒకదాని మీద ఒకటి కనీసం 3 అడుగులు కలిసి ఉండాలి. కాబట్టి దాని అసలు పొడవు 17 అడుగులే. లేబుల్ మీద 20 అని ఉంది, పనికి 19 సరిపోతుందని అనుకున్నారు, స్టాపరు అడ్డం వచ్చింది, పీకేశారు. అప్పటి నుంచి రెండు ముక్కలూ కలిసి ఉన్నది ఒక్క అడుగు. అంత తక్కువ కలయికలో పై ముక్క కొంచెం మెలి తిరిగినా లాక్ కొక్కెం మెట్టు మీంచి జారుతుంది. రెండు లాక్‌లూ బాగున్నా ఆ పొడవులో అది నిచ్చెన కాదు, రెండు ముక్కలు మాత్రమే.

ఈ ప్రాంతంలో చాలా చోట్ల రెండు వెదురు నిచ్చెనల్ని కొబ్బరి తాడుతో కట్టి పొడవు చేస్తారు. అక్కడ జరిగేదీ ఇదే. అల్యూమినియం అయినంత మాత్రాన లెక్క మారదు.

కొలత ముందు, కొట్టు తర్వాత

ఈ ఎంపికలో యూనిట్‌కి సలహా ఇచ్చింది మేం. కొత్తది కొనే ముందు యూనిట్‌లో ఎత్తు మీద చేసే పనులన్నీ రాసి, ప్రతి దగ్గరా నాలుగు కొలతలు తీశాం: నిచ్చెన ఆనే చోటు ఎత్తు, కింద గోడకి ముందున్న ఖాళీ, నేల రకం, దగ్గర్లో కరెంటు వైర్లు. పొడవు ఎంత కావాలనేది ఈ నాలుగింటి నుంచి రావాలి. కొట్టువాడు చెప్పే "రెండంతస్తుల నిచ్చెన" అనే మాట ఏ లెక్కకీ అందదు.

పైకి ఎక్కి దిగాల్సిన చోట నిచ్చెన ఆనే బిందువుకి 3 అడుగులు పైకి ఉండాలి. దిగేటప్పుడు మనిషి పట్టుకునేది ఆ 3 అడుగులనే. అలా గోడౌను పిట్టగోడకి కావాల్సింది 18.6 + 3, అంటే 21.6 అడుగులు. 24 అడుగుల ఎక్స్‌టెన్షన్ పూర్తిగా లాగితే వచ్చేది 21 అడుగులు. ఏడంగుళాలు తక్కువ. "ఏడంగుళాలకి ఏటౌద్ది బాబూ" అన్నాడు అక్కడి మేస్త్రి. ఆ ఏడంగుళాల కోసమే మళ్లీ ఎవరో ఒకరు స్టాపరు తీస్తారు, లేదా నిచ్చెన అడుగు గోడకి దగ్గరగా జరిపి నిటారుగా పెడతారు. పాత నిచ్చెన కథ మొదలైందీ ఇలాంటి లోటుతోనే. కాబట్టి 24ని పక్కన పెట్టి 28 అడుగులది తీసుకున్నాం. అది పూర్తిగా లాగితే 25 అడుగులు, ముక్కల కలయిక 3 అడుగులు.

పొడవు ఎక్కువైతే దాని ఇబ్బందులు దానికీ ఉన్నాయి. 28 అడుగులది పూర్తిగా ముడిచినా 14 అడుగులు ఉంటుంది. గోడకి ఆనిస్తే పైకొస 13.5 అడుగుల ఎత్తుకి చేరుతుంది. 9, 10 అడుగుల పనికి అది పనికిరాదు. ఆఫీసు గది లైట్లకీ ఫ్యాన్లకీ 6 అడుగుల ఎ-ఆకారపు స్టెప్ నిచ్చెన వేరుగా కొనమన్నాం. ఒకే నిచ్చెనతో అన్ని పనులూ గడుపుదామనుకోవడమే చాలా ప్రమాదాలకి మూలం.

అడుగు ఎంత దూరంలో

నాలుగు పాళ్ల ఎత్తుకి ఒక పాలు దూరం. ఆనే చోటు 18 అడుగులైతే నిచ్చెన కాలు గోడకి 4.5 అడుగుల దూరంలో ఉండాలి. అలా పెడితే నేలతో దాదాపు 75 డిగ్రీల కోణం వస్తుంది. టేపు లేకుండా చూసుకోవాలంటే, నిచ్చెన కాలికి బూటు ముందుభాగం ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకి చాచాలి. అరచేతులు భుజాల ఎత్తులో ఉన్న మెట్టుకి అందితే కోణం సరిపోయినట్టే.

ఈ నియమం వెనకున్న లెక్క చూస్తే ఎవరూ దాన్ని తేలిగ్గా తీసుకోరు. 80 కిలోల మనిషి 28 కిలోల నిచ్చెన మీద పదింట తొమ్మిది వంతుల ఎత్తుకి చేరాడనుకుందాం. 75 డిగ్రీల్లో నిచ్చెన కాలు బయటికి తన్నే బలం దాదాపు 23 కిలోల బరువుకి సమానం. అదే నిచ్చెనను 60 డిగ్రీలకి వాల్చి పెడితే దాదాపు 50 కిలోలు. ఆ 50 కిలోలనీ ఆపాల్సింది రెండు రబ్బరు షూలే. మరీ నిటారుగా పెడితే ఇబ్బంది తలకిందులవుతుంది. మనిషి ఏదైనా లాగినప్పుడు పైకొస గోడ వదిలి వెనక్కి వస్తుంది.

గోడౌనుకి తూర్పు పక్కన ప్రహరీకి మధ్య సందు 3.5 అడుగులే. అక్కడ 18 అడుగులకి నిచ్చెన పెట్టాలంటే నిటారుగా పెట్టడం తప్ప దారి లేదు. అలవాటు మాత్రం అక్కడే, ఎందుకంటే ట్యాంకు ఆ మూలనే ఉంది. ఆ సందులో నిచ్చెన పెట్టకూడదని నిర్ణయించి, పడమర పక్క కళ్లం వైపు నుంచి ఎక్కేలా చోటు ఖాయం చేశాం. అక్కడ సిమెంటు నేలలో గోడకి 4.5 అడుగుల దూరంలో 2 అడుగుల ఐరన్ యాంగిల్ ముక్కను నాలుగు యాంకర్ బోల్టులతో బిగించారు. నిచ్చెన కాళ్లు ఆ యాంగిల్‌కి లోపలి పక్కన ఆనతాయి. కోణం కొలవక్కర్లేదు, కాలు బయటికి జారే దారీ లేదు. పైన పిట్టగోడలో నిచ్చెనకి రెండు పక్కలా రెండు ఐ-బోల్టులు (తలకి రింగు ఉన్న బోల్టులు), నిచ్చెన పక్క ఛానళ్లని (మెట్లు బిగించిన రెండు నిలువు కమ్ములని) వాటికి కట్టడానికి. పిట్టగోడ లోపలి వైపు 3 అడుగులు కిందికి దూకకుండా రెండు ఇనప మెట్లు. నిచ్చెన ధర ముందు ఈ ఖర్చు చాలా చిన్నది. యూనిట్ వాళ్లు దీనికే ముందు ఒప్పుకోలేదు, ఆశ్చర్యంగా.

జీడి నూనె

పిక్క పెంకులోంచి వచ్చే నూనె ఈ యూనిట్‌లో అన్నిచోట్లా ఉంటుంది. బాయిలర్ దగ్గర, పెంకు రాశులు పోసేచోట, మనుషుల చెప్పుల అడుగున. నల్లగా, జిగటగా నేల మీద పల్చగా పరుచుకుని ఆరినట్టు కనిపిస్తుంది. వేలితో రాస్తే కానీ ఇంకా తడిగా ఉందని తెలీదు, ఆ రాయడం కూడా గ్లవుజు వేసుకునే చేయాలి, చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి. రబ్బరు షూకి ఈ నూనె అంటితే పట్టు పోతుంది. నిచ్చెన మెట్లకి అంటితే మనిషి పట్టూ పోతుంది.

అందుకని రెండు పద్ధతులు పెట్టాం. నిచ్చెన నిలబెట్టే చోటు వేడినీళ్లు, డిటర్జెంటుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నిచ్చెన షూల్ని, ఎక్కే మనిషి బూట్ల అడుగుని గోనె గుడ్డతో తుడవాలి. బాయిలర్ గది ముందు మాత్రం ఎంత కడిగినా నేల నమ్మదగ్గది కాదని తేలింది, అక్కడ నిచ్చెన వద్దన్నాం.

షెడ్డు వెనక నేల మట్టి. వానలకి మెత్తబడి ఒక కాలు దిగిపోతుంది. మంచి ఎక్స్‌టెన్షన్ నిచ్చెన షూ కీలు మీద తిరుగుతుంది. గట్టి నేల మీద రబ్బరు వైపు, మట్టి మీద పళ్లున్న అంచు వైపు వాడతారు. మెత్తటి మట్టయితే కాళ్ల కింద వెడల్పాటి మందపాటి చెక్క వేయాలి. పల్లం సరిచేయడానికి ఇటుకలు పేర్చడం ఎక్కడ చూసినా కనిపించే పనే, ఎక్కడా చేయకూడని పనే. ఎత్తు వైపు నేలనే తవ్వి సమం చేయాలి.

అల్యూమినియమా, ఫైబరా

గోడౌను పడమర గోడకి 16 అడుగుల ఎత్తులో ఫ్లడ్‌లైట్లు, సీసీ కెమెరాలు ఉన్నాయి. కళ్లం మీదుగా సర్వీసు వైరు పోతుంది. ప్రహరీ బయట 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఉంది. ఇవి చూశాక అల్యూమినియం ప్రశ్న ముగిసింది. లోహపు నిచ్చెన వైరుకి తగిలితే కింద పట్టుకున్నవాడు కూడా బతకడు. ఫైబర్‌గ్లాసు పక్క ఛానళ్లున్న నిచ్చెన పొడిగా, శుభ్రంగా ఉన్నంతవరకు కరెంటుని పారనివ్వదు. ఆ "ఉన్నంతవరకు" అన్న షరతు ముఖ్యం. తడిసిన ఫైబర్, ఉప్పు గాలి పొర పట్టిన ఫైబర్, నూనె మట్టి అంటిన ఫైబర్ మీద ఆ నమ్మకం పెట్టకూడదు. తీరానికి దగ్గరున్న ఊళ్లలో నెలకోసారి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మెట్లు, లాక్‌లు ఎలాగూ లోహమే.

భవనం నుంచి 11 కేవీ లైనుకి అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఎడం ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతాయి. ఆ 1.2 మీటర్లు భవనానికి పెట్టిన ఎడం. నాలుగడుగులే అది. 25 అడుగుల నిచ్చెనను నిలబెట్టేటప్పుడు పైకొస ఊగితే ఆ నాలుగడుగులు లెక్కలోకే రావు. అందుకే లాగిన నిచ్చెన ఎటు పడినా లైనుని తాకలేని చోటే నిలబెట్టాలి. ప్రహరీ పక్క గోడకి ఏ పని వచ్చినా, ఫైబర్ నిచ్చెన అయినా సరే, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ల దగ్గర ఎల్‌సీ (లైన్ క్లియర్ అనే అధికారిక అనుమతి) తీసుకుని, లైను ఆపాకే. ఫోనులో లైన్‌మన్‌కి చెప్పి ఊరుకుంటే ఎల్‌సీ తీసుకున్నట్టు కాదు.

ఫైబర్‌తో చెల్లించే మూల్యం బరువు. 28 అడుగుల గట్టి రకం 27, 28 కిలోలు తూగుతుంది. ఒక్కడు మోసి నిలబెట్టే సరుకు కాదు, ఇద్దరు కావాలి. ఇది లోపమని యూనిట్ వాళ్లు అన్నారు. మా దృష్టిలో మంచిదే, ఒంటరిగా ఎక్కే అలవాటు దానంతటదే పోతుంది.

బరువు లెక్క

లేబుల్ మీది బరువు మనిషిది మాత్రమే అనుకుంటారు. మనిషి, బట్టలు, బూట్లు, హెల్మెట్, నడుముకి కట్టిన పనిముట్లు, చేతిలో సామాను, అన్నీ కలిపి ఆ అంకె. ఇక్కడ బరువైన పనివాడు 84 కిలోలు. పనిముట్లు, హెల్మెట్, బూట్లు 9 కిలోలు. ఫ్లడ్‌లైటు, వైరు 5 కిలోలు. మొత్తం 98. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎన్‌ఎస్‌ఐ లేబుళ్లలో టైప్ 2 అంటే 102 కిలోలు, టైప్ 1 అంటే 113, టైప్ 1ఏ అంటే 136, టైప్ 1ఏఏ అంటే 170. యూరప్ నిచ్చెనల ప్రమాణం ఈఎన్ 131 లేబుల్ ఉంటే 150 కిలోలు. దాని మీద వృత్తిపనికా, ఇంటివాడకానికా అన్నది కూడా వేరుగా రాసి ఉంటుంది. 98కి 102 చాలదు. ఎక్కేటప్పుడు ప్రతి అడుగూ ఒక చిన్న కుదుపే కదా. 136 రకం తీసుకున్నాం. మన దేశంలో నిచ్చెనల భద్రతకి భారత ప్రమాణం ఐఎస్ 3696 రెండో భాగం (1991) ఉంది. కొట్లో "హెవీ డ్యూటీ" అన్న స్టిక్కరు తప్ప ప్రమాణం పేరు, కిలోలు రాసి లేని నిచ్చెనని ఎంత తక్కువకి ఇచ్చినా వద్దన్నాం.

సరుకు దిగినప్పుడు చూసినవి

సరుకు వచ్చాక రసీదు మీద సంతకం పెట్టే ముందు లారీ పక్కనే చూడాల్సినవి ఇవి. రెండు ముక్కల్నీ నేల మీద పరిచి ఒక కొసన కూర్చుని ఛానల్ వెంట కన్నేసి చూడాలి, మెలిక ఉంటే వెంటనే కనిపిస్తుంది. ప్రతి మెట్టునీ చేత్తో పట్టి తిప్పి చూడాలి, ఏ కొంచెం తిరిగినా వెనక్కి. ఫైబర్ మీద పగులు, తెల్లటి నార పైకి లేచిన చోట్లు, రంధ్రాల చుట్టూ చీలికలు ఉండకూడదు. పై ముక్కను లాగుతూ ప్రతి మెట్టు దగ్గరా రెండు లాక్‌లూ ఒకేసారి "టక్" మని పడుతున్నాయో లేదో వినాలి. చివరిదాకా లాగి, స్టాపరు ఆపాక ముక్కల కలయిక టేపుతో కొలవాలి. మాకు వచ్చిన నిచ్చెనకి కలయిక సరిపోయింది, కానీ పుల్లీ తాడు సన్నగా, 6 మిల్లీమీటర్లే ఉంది. 8 మిల్లీమీటర్లకి తగ్గకూడదని మార్పించాం.

నిలబెట్టే పద్ధతి

ముడిచిన నిచ్చెననే మోయాలి, ముడిచిన నిచ్చెననే నిలబెట్టాలి. కాళ్లు యాంగిల్‌కి ఆనించి ఒకడు అడుగు దగ్గర అడ్డుగా నిలబడాలి. రెండోవాడు పైకొస నుంచి మెట్టు మెట్టుకి చేతులు మారుస్తూ నడిచి రావాలి. నిలువుగా నిలిచాక తాడు లాగి పై ముక్కని కావాల్సినదానికి కొంచెం పైకి తీసి, నెమ్మదిగా దింపితే లాక్‌లు మెట్టు మీద కూర్చుంటాయి. రెండు లాక్‌లూ కూర్చున్నాయని కళ్లతో చూశాక, తాడు మిగులుని కింది మెట్టుకి కట్టాలి. ఆ తర్వాతే గోడకి వాల్చాలి. మనిషి మీద ఉండగా పొడవు మార్చడం ఎట్టి పరిస్థితిలోనూ లేదు.

మొదట ఎక్కేవాడు పనిముట్లు లేకుండా ఎక్కి, పైకొసని రెండు ఐ-బోల్టులకీ కట్టి దిగుతాడు. అప్పటిదాకా కిందివాడు కదలకూడదు. కింద ఒకడు కాలు అడ్డం పెట్టినంత మాత్రాన ఇంత పొడవు నిచ్చెన ఆగుతుందని నమ్మకూడదు, పైన కట్టాకే భరోసా. సామానంతా బకెట్టులో తాడుతో పైకి లాగాలి. పని చేసేటప్పుడు పై మూడు మెట్లు పట్టుకోవడానికే, నిలబడడానికి కాదు. బెల్టు బకిల్ పక్క ఛానల్ దాటి బయటికి వచ్చిందంటే మనిషి అందనిదాని కోసం వంగుతున్నాడని అర్థం. దిగి నిచ్చెన జరపాల్సిందే.

గట్టర్ (కప్పు అంచున వాననీళ్లు పోయే రేకు కాలువ) పని విషయంలో ఇంకొకటి. గట్టర్ రేకు మీద నిచ్చెన ఆనిస్తే అది వంగి నిచ్చెన పక్కకి జారుతుంది. గట్టర్ కింది గోడకి ఆనేలా పైకొసకి స్టాండ్-ఆఫ్ (నిచ్చెనని గోడకి కొంత ఎడంగా ఆపే చట్రం) బిగించాలి, అప్పుడు గట్టర్ మనిషి ఛాతీ ఎత్తులోకి వస్తుంది.

నిచ్చెనకి ఇవ్వని పనులు

జాబితాలో రాసిన పనుల్లో చాలావాటికి నిచ్చెనే సమాధానం కాదని తేలింది. షెడ్డు లోపల 18 అడుగుల ఎత్తులో ట్రస్‌కి (కప్పుని మోసే పైపుల చట్రానికి) వేలాడే లైట్లకి నిచ్చెన ఆనించే గోడ లేదు. పైపు ట్రస్‌కి ఆనిస్తే అది గుండ్రంగా ఉండి పైకొస దొర్లుతుంది. అక్కడికి చక్రాల ప్లాట్‌ఫారం స్కాఫోల్డింగు అద్దెకి తెచ్చుకుని, లైట్లన్నీ ఒకేసారి మార్చేయమన్నాం. గోడకి రంధ్రాలు వేసే హ్యామర్ డ్రిల్లు పని కూడా నిచ్చెన మీద వద్దు. రెండు చేతులూ డ్రిల్లు మీదే ఉంటాయి, నెట్టిన ప్రతిసారీ మనిషి వెనక్కి తోయబడతాడు. కెమెరాల్లో ఒకదాన్ని కిందికి దించి 10 అడుగుల దగ్గర పెట్టించాం, అంత ఎత్తు అవసరమే లేదు.

రేకుల మీద పని అన్నిటికంటే తీవ్రంగా ఆలోచించాల్సింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ పలాస, మందస, సోంపేట ప్రాంతంలో రేకుల కప్పుల్ని ఎలా లేపిందో ఇక్కడ అందరికీ తెలుసు. ఆ తర్వాత ఈ షెడ్డుకి అక్కడక్కడా వెలుతురు కోసం పారదర్శక రేకులు వేశారు. ఇప్పుడు దుమ్ము, నూనె పొగ పట్టి అవి సిమెంటు రేకుల్లాగే కనిపిస్తున్నాయి. ఈ రెండింటిలో ఏదీ మనిషి బరువు ఆపదు. నిచ్చెన ఎంత మంచిదైనా అది రేకు అంచు వరకే తీసుకెళుతుంది. అక్కడి నుంచి పర్లిన్ల (రేకుల కింది అడ్డ దూలాల) మీద వేసే క్రాలింగ్ బోర్డులు (నడిచే పలకలు), లైఫ్‌లైను (పడకుండా ఆపే తాడు), దానికి తగిలించే ఒంటి హార్నెస్ (బెల్టుల పట్టా) లేకుండా రేకుల పని వద్దని రాసిచ్చాం.

నిల్వ

14 అడుగుల ముడిచిన నిచ్చెనను ఉత్తర గోడకి, సన్‌షేడ్ కింద, మూడు బ్రాకెట్ల మీద అడ్డంగా పెట్టారు. రెండే బ్రాకెట్లయితే మధ్యలో కుంగుతుంది. ఎండ తగిలితే ఫైబర్ పైపొర పొడిబారి నార బయటపడుతుంది. గొలుసు వేసి తాళం పెట్టారు, లేకపోతే సున్నాలు వేసేవాళ్లు తీసుకెళ్లి పెయింటు చుక్కలతో తెచ్చి పెడతారు, ఆ చుక్కలు లాక్‌ల్లో పడతాయి. తాళం చెవి తీసుకునేవాడే పుస్తకంలో తన పేరు, పని, చూసిన అంశాలు రాస్తాడు: షూలు, రెండు లాక్‌లు, తాడు, మెట్లు, ఛానళ్లు. ఏదో ఒకటి బాగోలేకపోతే ఎర్ర అట్ట కట్టి వెనక్కి పెట్టాలి. లాక్ విరిగితే అదే కంపెనీ లాక్ తెప్పించాలి, వెల్డింగు పెట్టించకూడదు, తీగతో కట్టకూడదు.

పాత 20 అడుగుల నిచ్చెనని అమ్మితే ఎవరో కొని మళ్లీ వాడతారు కాబట్టి పక్క ఛానళ్లని మూడు చోట్ల కోసి తుక్కుకి వేశారు.

తూర్పు సందు పక్క గట్టర్ మాత్రం ఇంకా మిగిలే ఉంది. 3.5 అడుగుల్లో నిచ్చెన పట్టదు, స్కాఫోల్డింగూ పట్టదు. గట్టర్ నోటికి ఆకులు ఆపే జాలీ, కింది పైపుకి నేల నుంచే విప్పి శుభ్రం చేసుకునే ఎల్బో పెట్టమన్నాం. నైరుతి వానలకి ముందు అది పూర్తి కాకపోతే, ఆ గట్టర్ పొంగినా సరే ఈ ఏడాదికి ఎవరినీ అక్కడికి ఎక్కించవద్దని యూనిట్ మేనేజరుకి లిఖితంగా ఇచ్చాం.